లోరింగ్ వెనక్కి తిరిగినప్పుడు

జూన్ 9, సోమవారం

ఉద్యోగంలో చేరాను. అమీర్‌పేటలో ఒక సాఫ్ట్‌వేర్ కోచింగ్ సెంటర్ పైన, మూడో అంతస్తులో డబ్బింగ్ స్టూడియో. కింద రోజంతా జావా చెబుతారు. గోడలకు ఎంత దూది కొట్టినా ఆ మాస్టారి గొంతు సన్నగా పైకి వస్తూనే ఉంటుంది.

పని ఇది: ఎవెరెట్ లోరింగ్ అనే పాత హాలీవుడ్ హీరో సినిమాలు ఏడు, ముంబయిలో ఒక చానల్ వాళ్ళు కొన్నారు. వాటికి తెలుగు మాటలు నేను రాయాలి.

ఇంటర్వ్యూ యజమాని రఘురామ్ గారే చేశారు.

“ఇంగ్లీషు బాగా వచ్చా అమ్మా?”

తల ఊపాను.

“తెలుగు?”

ఊపాను.

“అసలు మాట్లాడతావా?”

దానికీ ఊపాను. “రాసేవాళ్ళకి ఇంత చాలులే,” అన్నారు.

ఇంటికొచ్చాక అమ్మ, “ఏం అడిగారే? నువ్వేం చెప్పావు?” అంది. అడిగినవన్నీ చెప్పాను. అమ్మ రెండో ప్రశ్నకు చెప్పడానికి ఏమీ లేదు.

జూన్ 11, బుధవారం

లోరింగ్ గురించి దొరికినదంతా చదివాను. ఒహాయోలో గోధుమల వ్యాపారి కొడుకు. అసలు పేరు పలకడం కష్టమని కంపెనీ వాళ్ళు మార్చారు. మొదటి రెండేళ్ళూ సినిమాల్లో తలుపులు తీయడమే పని. ఎవరో పెద్ద హీరో జ్వరంతో పడుకుంటే, ఆ కోటు ఇతనికి సరిపోయిందని హీరోని చేశారు. ఆ తర్వాత ఇరవై ఐదేళ్ళు అతనికి తలుపులు వేరేవాళ్ళు తీశారు.

మంచి గడ్డం. అంటే వెంట్రుకలు కాదు, ఎముక.

మొదటి సినిమాకి రఘురామ్ గారు తెలుగు పేరు పెట్టేశారు: “టోపీ తీసిన దొర.” అందులో అతను నిజంగానే ఊరికే టోపీ తీస్తూ ఉంటాడు.

జూన్ 13, శుక్రవారం

సౌండ్ ఇంజనీరు పేరు వీరవెంకటసత్యనారాయణ గారు. అందరూ సత్తిగారు అంటారు. అన్నవరం వైపు మనిషి. నాకు విద్య నేర్పారు.

“చూడమ్మా. హీరో పెదవులు మూస్తే అక్కడ మ, ప, బ పడాలి. తెరిస్తే ఆ, ఓ. ముఖం దగ్గరగా ఉంటే నీ భాషాజ్ఞానం పక్కన పెట్టి పెదవి చూడు. దూరంగా ఉంటే కొంచెం ఊపిరి తీసుకో. వెనక్కి తిరిగాడనుకో, మన ఇష్టం. వీపుకి పెదవులుండవు.”

“భావం?” అన్నాను. స్టూడియోలో అది నా మొదటి మాట.

“భావం మీరు మీరు చూసుకోండి. నాకు లిప్ వస్తే చాలు.”

జూన్ 16, సోమవారం

లోరింగ్‌కి గొంతు ఇచ్చే మనిషి వచ్చాడు. పేరు మహేశ్. ఉండేది ఎర్రగడ్డలో. పొట్టిగా ఉంటాడు. చొక్కా జేబులో మిరియాలు, పటికబెల్లం పొట్లం. చెయ్యి కడుక్కుని, హెల్మెట్ బల్ల కింద పెట్టి, బూత్‌లోకి వెళ్ళి, “నన్ను క్షమించండి, మీ గొడుగు నా దగ్గర ఉండిపోయింది,” అన్నాడు.

అది నేను రాసిన మాటే. నిన్న కాగితం మీద అది గొడుగు గురించి. ఇవాళ కాదు.

తర్వాత బయటికొచ్చి, “సత్తన్నా, గా జావా సారు గొంతు పడ్డట్టున్నది, జర చూడు,” అన్నాడు. ఇదీ అదే గొంతు. నమ్మకం కుదరలేదు.

లోరింగ్ గొంతు చాలా బాగుంటుంది అని ఎక్కడో చదివాను. నిజమే.

జూన్ 18, బుధవారం

హీరోయిన్లందరికీ ఛాయాదేవి గారు చెబుతారు. ఆవిడకి సీరియళ్ళున్నాయి కాబట్టి శనివారాలే వస్తారు. ఏడు సినిమాల హీరోయిన్ల తరఫునా ఆవిడే ప్రేమిస్తారు, ఆవిడే ఏడుస్తారు, మధ్యాహ్నానికి వెళ్ళిపోతారు. మిగతా రోజుల్లో మహేశ్ గారికి ఎదురు మాట అందించడానికి ఎవరో ఒకరు హీరోయిన్ మాటలు చదవాలి. రికార్డు చెయ్యరు. ఊరికే చదవడం.

“రాసిన మనిషివి నువ్వే చదువు,” అన్నారు సత్తిగారు.

బూత్‌లో రెండు స్టూళ్ళు, చిన్న దీపం, తెర. నేను చదివాను.

“మేడం, దోమ వచ్చిందనుకున్న,” అన్నాడు మహేశ్ గారు. “జర గట్టిగ చెప్పుండ్రి. అన్నకు వినబడాలె గద.”

అన్న అంటే లోరింగ్. చనిపోయి యాభై ఏళ్ళు దాటిన మనిషిని ఇతను అన్న అంటాడు.

స్కూల్లో సిస్టర్ నన్ను చివరి బెంచీ నుంచి మొదటి బెంచీకి మార్చింది గొంతు వినపడటం లేదనే. అక్కడా వినపడలేదు. ఇవాళ మాత్రం మూడోసారికి వినపడింది.

జూన్ 22, ఆదివారం

పొద్దున్నే పంజాగుట్టలో మా వీధిలోంచి లోరింగ్ గొంతు.

“రండమ్మా రండి. ఉల్లిగడ్డలమ్మా ఉల్లిగడ్డలు. నాలుగు కిలోలు వంద. తియ్యటి ఎర్ర ఉల్లిగడ్డలు.”

బాల్కనీలోకి పరిగెత్తాను. ట్రాలీ ఆటో, దాని మీద మైకు. ఆటో నడిపేవాడు ఎవరో ముసలాయన. కిందికి దిగి నాలుగు కిలోలు కొన్నాను.

“ఇంట్లో ఉన్నాయి కదే?” అంది అమ్మ.

ఉల్లిపాయలు ఇంట్లో ఎప్పుడూ ఉండాలి అన్నాను.

జూన్ 23, సోమవారం

అడిగాను. అంటే కాగితం మీద “ఉల్లి?” అని రాసి చూపించాను.

“ఆఁ, నాదే,” అన్నాడు. “ఐదేండ్ల కింద ఒక్కపారి రికార్డింగ్ జేసిన. ఒకనికి చేస్తే ఊరంత కాపీ కొట్టుకున్నరు. ఇప్పుడు సికింద్రాబాద్‌ల సుత నేనే అమ్ముతున్న. మొన్న మా గల్లిల వచ్చింది. మా అమ్మ నాతోని బేరమాడింది.”

సత్తిగారు నవ్వలేదు. ఆయన నవ్వరు. తల మాత్రం కొంచెం కదిలింది.

జూన్ 26, గురువారం

రెండో సినిమా, “ఆకాశంలో అల్లుడు.” లోరింగ్ పైలట్. విమానం నడుపుతూ కూడా దువ్విన జుట్టు చెదరదు.

మళ్ళీ ఉల్లిపాయల ఆటో వచ్చింది. కొన్నాను.

జూలై 1, మంగళవారం

మూడో సినిమా, “వెన్నెల్లో ఇన్‌స్పెక్టర్.” లోరింగ్ వయసు నలభై దాటింది. చదివిన పుస్తకంలో ఒక మాట ఉంది: ఆ ఏడాది నుంచి కెమెరా వాళ్ళు అతన్ని ఎక్కువగా వెనక నుంచి తీయడం మొదలుపెట్టారట. కళ్ళ కింద సంచులు వచ్చాయి. వీపు మాత్రం చివరి దాకా బాగుంది.

కాబట్టి నాకు చోటు దొరుకుతోంది. ఒక సీన్‌లో హీరోయిన్ ఏమీ మాట్లాడకుండా నిలబడుతుంది. లోరింగ్ వీధి వైపు తిరుగుతాడు. అక్కడ రాశాను: “నువ్వు మాట్లాడకపోయినా నాకు వినిపిస్తుంది.”

మహేశ్ గారు చెప్పాడు. సత్తిగారు ఓకే అన్నారు. చెప్పాక మహేశ్ గారు హెడ్‌ఫోన్ ఒక చెవి మీంచి తీశాడు.

“మేడం, గీ మాట అసలుదాంట్ల ఉన్నదా?”

“భావం ఉంది.”

“ఏం భావం? అన్న ఇంగ్లీషుల ‘ట్యాక్సీ’ అన్నడు. గంతే.”

కాగితాలు సర్దుకున్నాను. అతను ఇంకేం అడగలేదు. తర్వాతి సీన్‌లో దీపం నా వైపుకి కొంచెం జరిపాడు, చదవడానికి వీలుగా.

ఇది వృత్తిపరమైన విషయం. మాటల రచయితకి స్వేచ్ఛ ఉండాలి.

జూలై 5, శనివారం

ఛాయాదేవి గారు వచ్చి నా మాటలన్నీ చెప్పి వెళ్ళిపోయారు. చాలా బాగా చెప్పారు. ఆవిడ చెప్పే విధానం నాకు నచ్చలేదు.

జూలై 10, గురువారం

భీమవరంలో పిన్ని కూతురి పెళ్ళి. సోమ, మంగళ వెళ్తానని చెప్పి, బుధవారం కూడా ఉండిపోయాను. ఇవాళ వచ్చాను. నాలుగో సినిమా, “గుర్రం మీద న్యాయం.” లోరింగ్ షెరీఫ్. గుర్రం వైపు తిరిగి, పనివాడికి ఒక మాట చెబుతాడు. నేను రాసింది: “గుర్రానికి నీళ్ళు పెట్టు.”

మహేశ్ గారు చెప్పింది: “రెండు రోజులని పోయి మూడు రోజులు రాకపోతే ఎలా? ఇక్కడ గుర్రాలు దిగులు పెట్టుకున్నాయి.”

సత్తిగారు టేపు ఆపలేదు.

“సత్తిగారూ, అది స్క్రిప్టులో లేదు,” అన్నాను.

“వీపే కదమ్మా. సరిపోయింది.”

మహేశ్ గారు తెర వైపే చూస్తున్నాడు, చాలా శ్రద్ధగా. తెర మీద అప్పటికి గుర్రం మాత్రమే ఉంది.

జూలై 11, శుక్రవారం

ఐదో సినిమా రాయడం మొదలుపెట్టాను. పేరు “దేవుడిచ్చిన కత్తి.” రోమన్ల కాలం. లోరింగ్‌కి మోకాళ్ళు కనిపించే పొట్టి లాగు. పాపం, ఆ వయసులో ఒప్పుకున్నాడంటే అప్పటికే కంపెనీ మాట వినక తప్పని రోజులొచ్చి ఉంటాయి. ఈ సినిమా మొత్తం రథం మీద వెళ్తాడు. రథం అంటే వీపే.

ఒక చోట రాశాను: “గుర్రాల క్షేమం తెలిసి సంతోషించాను. అవి ఏమైనా తిన్నాయా?”

జూలై 15, మంగళవారం

మొన్న ఆదివారం బోనాలకి అరిచి మహేశ్ గారు గొంతు పోగొట్టుకున్నాడు. రికార్డింగ్ లేదు. సంజ్ఞలు చేస్తాడు. నేను కూడా. ఇద్దరం చాలాసేపు బాగా మాట్లాడుకున్నాం.

జూలై 17, గురువారం

గొంతు వచ్చింది. రథం సీన్ చెప్పాడు. “అవి ఏమైనా తిన్నాయా?” అని తానే అడిగి, నా వైపు తిరిగాడు.

“మేడం. పోయిన సినిమాల నేనే అడిగిన. గీ సినిమాల నాకు నేనే జవాబు చెప్పుకుంటున్న. ఇగ ముంగటి సినిమాల నేనే తిన్నయని చెప్పాల్నా?”

“హీరో మీరే కదా,” అన్నాను.

“హీరోయిన్ ఏం జేస్తది మరి?”

తల ఊపాను. అది అవునని చెప్పే ప్రశ్న కాదు, కాదని చెప్పే ప్రశ్న కూడా కాదు.

జూలై 18, శుక్రవారం

అమ్మ వంటింట్లో నిలబడి, “ఏంటే ఇది, హోటల్ పెడుతున్నావా?” అంది. గోనెసంచీ పట్టనన్ని ఉల్లిపాయలు. పక్కింటి వాళ్ళకి ఇచ్చినా తరగడం లేదు. ఈ వారం రోజూ పులుసు.

జూలై 22, మంగళవారం

ఆరో సినిమా అయిపోయింది. అందులో లోరింగ్ హీరోయిన్‌కి తండ్రి. అదే అమ్మాయిని ఆరేళ్ళ కింద “ఆకాశంలో అల్లుడు”లో పెళ్ళి చేసుకున్నాడు. హాలీవుడ్‌లో కూడా ఇలాగే ఉంటుందన్నమాట.

సాయంత్రం రఘురామ్ గారు పిలిచి కూర్చోబెట్టారు.

“చివరి సినిమా మెషీన్‌తో చేద్దాం అమ్మా. మహేశ్ గొంతు మన దగ్గర ఆరు సినిమాలకు సరిపడా ఉంది. అది నేర్చుకుంటుంది, తనే చెబుతుంది. ఎవరూ రానక్కర్లేదు.”

మహేశ్ గారు పక్కనే ఉన్నాడు. అతనికి ముందే చెప్పారట. “సార్ అడిగిండు, సరే అన్న. నాకేం ఫికర్ లేదు. ఉల్లిగడ్డలెట్లనో గిది సుత గట్లనే,” అని హెల్మెట్ తీసుకున్నాడు. మెట్ల దగ్గర ఆగి, “మంచిగ రాస్తరు మేడం మీరు,” అన్నాడు. వెళ్ళిపోయాడు.

ఇది లోరింగ్‌కి చాలా అన్యాయం. అతని ఆఖరి సినిమా.

జూలై 23, బుధవారం

లోరింగ్‌కి అన్యాయం అనే విషయం గురించి రోజంతా ఆలోచించాను.

బూత్‌లో మహేశ్ గారు కూర్చునే స్టూలు మీద సత్తిగారు టిఫిన్ డబ్బా పెట్టుకున్నారు.

జూలై 24, గురువారం

చివరి సినిమా రాయడం పూర్తిచేశాను. రఘురామ్ గారు పేరు “రైలు దిగిన మనిషి” అని పెట్టారు. లోరింగ్ రిటైరైన స్టేషన్ మాస్టర్. సగంలో భార్య చనిపోతుంది. చివర్లో ఖాళీ ప్లాట్‌ఫారం మీద నడుస్తూ వెళ్ళిపోతాడు. చాలా పొడుగు షాటు, మొత్తం వీపే. అది తీసిన రెండేళ్ళకి పోయాడు.

ఆ నడకకి మాటలు రాశాను. ఇంతవరకు రాసిన వాటిలో అదే బాగుంది. ఇక్కడ మళ్ళీ రాయను. అది మెషీన్ చెబుతుంది.

అది మెషీన్ చెప్పకూడదు. రేపు రఘురామ్ గారికి చెబుతాను.

జూలై 25, శుక్రవారం

చెప్పబోయేది: సర్, నమస్కారం. ఒక నటుడి ఆఖరి చిత్రానికి అతని గొంతుగా ఆరు చిత్రాలు పలికిన మనిషే చెప్పడం ధర్మం. మీరు పెద్ద మనసు చేసుకుని మహేశ్ గారిని పిలిపించగలరు. ఇట్లు.

“ఇట్లు” తీసేయాలి.

అదే రోజు, సాయంత్రం

వెళ్ళాను. “సర్,” అన్నాను.

“ఏంటమ్మా? సెలవు కావాలా?”

తల ఊపాను.

రేపు నాకు సెలవు.

జూలై 26, శనివారం

సెలవు. ఇంట్లో కూర్చున్నాను. ఉల్లిపాయల ఆటో రెండుసార్లు వచ్చింది. రెండోసారి అమ్మ తలుపు గొళ్ళెం పెట్టి తాళం చెవి చెంగులో కట్టుకుంది.

జూలై 28, సోమవారం

మళ్ళీ వెళ్ళాను. “సర్, మహేశ్,” దాకా వచ్చాను.

“మహేశా? అతని బాకీ అంతా ఇచ్చేశానమ్మా, నీకెందుకు బెంగ,” అన్నారు. మంచి మనిషి. బెల్లం కాఫీ కూడా ఇప్పించారు. తాగి వచ్చేశాను.

రేపు మెషీన్ చెప్పింది అందరం కూర్చుని వినాలట. బాగుంటే రేపే చానల్‌కి పంపేస్తారు. అంటే రేపు చెప్పకపోతే ఇక చెప్పనక్కర్లేదు.

జూలై 29, మంగళవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పెద్ద గదిలో రఘురామ్ గారు, సత్తిగారు, నేను. దీపాలు తీశారు. లోరింగ్ భార్య మంచం మీద ఉంది. డాక్టరు తల అడ్డంగా ఊపాడు. లోరింగ్ ఆమె చెయ్యి పట్టుకుని నోరు తెరిచాడు.

మహేశ్ గారి గొంతే. అచ్చం. కానీ “నన్ను వదిలి వెళ్ళకు, రాధా” అనే మాట ఎక్కడో పైన మొదలై, మధ్యలో ఊగి, చివర్లో “రాధాఆఆ” అని వీధి చివరిదాకా సాగింది. తర్వాత, “నువ్వు లేని ఇల్లు ఇల్లు కాదూఊ. నువ్వు లేని పొద్దు పొద్దు కాదూఊ.”

నాకు అర్థమైంది. ఆ గొంతు నాకు బాగా తెలుసు. వంటింట్లో గోనెసంచీ నిండా ఉంది.

“ఎలా ఉంది?” అన్నారు రఘురామ్ గారు. “ఇంకా మాటలు ఎక్కువుంటే మెషీన్ బాగా నేర్చుకుంటుందన్నారు. మహేశ్ అనౌన్స్‌మెంట్లు ఏవో ఉంటే అవీ కలిపి ఇచ్చాం. మంచి ఊపొచ్చింది కదా?”

“లిప్ వచ్చింది,” అన్నారు సత్తిగారు.

“అయితే పంపేద్దాం.”

“వద్దు,” అన్నాను.

గదిలో ఇంకెవరో మాట్లాడారనుకుని రఘురామ్ గారు తలుపు వైపు చూశారు.

“ఏం వద్దమ్మా?”

“ఇది. చనిపోతున్న భార్య దగ్గర కూర్చుని లోరింగ్ ఉల్లిపాయలు అమ్ముతున్నాడు సర్.”

రఘురామ్ గారు మళ్ళీ వేయమన్నారు. “నన్ను వదిలి వెళ్ళకు, రాధాఆఆ.” ఆయన ముఖం మారుతూ వచ్చింది. ఇంకోసారి వేయమన్నారు. ఈసారి “నాలుగు కిలోలు” అనే మాట మా ముగ్గురికీ వినిపించింది, అది అక్కడ లేకపోయినా.

సత్తిగారు నవ్వారు. మొదట భుజాలు కదిలాయి. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తుడుచుకున్నాక మళ్ళీ నవ్వారు. కింద జావా ఆగింది.

“డాక్టరు బేరం కుదరలేదన్నట్టు తల ఊపాడండీ,” అన్నారు.

రఘురామ్ గారు నా వైపు తిరిగారు. “మొన్నటి నుంచి ఇదేనా నువ్వు చెప్పాలనుకున్నది?”

“అవును సర్.”

“చెప్పొచ్చు కదమ్మా. నీకు ఊరికే ఒకరోజు సెలవిచ్చాను.” ఫోను తీసి మహేశ్ గారికి చేశారు.

లోరింగ్‌కి న్యాయం జరిగింది.

జూలై 30, బుధవారం

లోరింగ్‌కి న్యాయం జరిగినందుకు ఇంత ఆనందం ఎందుకో తెలియదు. నీలం చుడీదార్ ఇస్త్రీ చేయించాను.

జూలై 31, గురువారం

ఒక విషయం ఇప్పుడే గుర్తొచ్చింది. ప్లాట్‌ఫారం మీద నడక. ఆ మాటలు మెషీన్ చెబుతుందనుకుని రాశాను. ఇప్పుడు అవి అతను చదువుతాడు.

మార్చాలి. పొద్దున్నే వెళ్ళి మార్చేస్తాను.

ఆగస్టు 1, శుక్రవారం

పొద్దున్నే వెళ్ళాను. పంజాగుట్ట చౌరస్తా దగ్గర ఆటో కదల్లేదు, దిగి నడిచాను. నేను వెళ్ళేసరికి మహేశ్ గారు స్టూలు మీద కూర్చుని కాగితాలన్నీ చదివేశాడు. టిఫిన్ డబ్బా కింద పెట్టి ఉంది.

“ఆలస్యమైంది మేడం. జర ఫికరైంది,” అన్నాడు.

మధ్యాహ్నం దాకా చెప్పాడు. మంచం సీన్ దగ్గర ఏ ఊపూ లేదు. అసలు ఏమీ చెయ్యలేదు, ఊరికే అన్నాడు. “నన్ను వదిలి వెళ్ళకు, రాధా.” నేను తర్వాతి మాట చదవడం మర్చిపోయాను. సత్తిగారు కూడా ఓకే అనడం మర్చిపోయారు.

ఇక నడక మిగిలింది. తెర మీద ప్లాట్‌ఫారం. లోరింగ్ వీపు. మహేశ్ గారు కాగితం ఎత్తాడు. దాని మీద ఇలా ఉంది:

“నువ్వు వచ్చే దారి వైపు చూస్తూ కూర్చుంటాను. నువ్వు రాని రోజు నాకు పని తోచదు. నీ గొంతు ఎక్కడో వినిపిస్తే పరిగెత్తి కిందికి దిగుతాను. నీ పేరు చివర గారు తీసేసి ఒక్కసారి పిలవాలని ఉంది. ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు. నోరు రాదు.”

అతను చెప్పలేదు. షాటు అయిపోయింది. సత్తిగారు మళ్ళీ వెనక్కి తిప్పారు. లోరింగ్ మళ్ళీ నడిచాడు. మళ్ళీ చెప్పలేదు.

“ఏమైందయ్యా?” అని సత్తిగారి గొంతు స్పీకర్‌లో.

మహేశ్ గారు హెడ్‌ఫోన్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. “మేడం, గిక్కడ ఇంగ్లీషుల అన్న ఏమన్నడు?”

“దగ్గాడు.”

“దగ్గిండు. గంతేనా?”

“అంతే.”

“అన్న సినిమా మొత్తంల పెండ్లాన్ని గారు అనలే. ఒక్కపారి సుత.” కాగితం నా ముందు పెట్టాడు. “గిది అన్న మాట కాదు మేడం. ఇన్ని రోజులు మీరేం రాస్తే అది చెప్పిన. ట్యాక్సీ అన్నకాడ గూడ చెప్పిన. గిది నేను చెప్ప. నేను చెప్తే నాది అయితది. నాది కాదు గిది.”

ఆ మాటల్లో కోపం లేదు. ఎదురుచూశాడు.

నాకు కాగితం కనిపిస్తూనే ఉంది. చదివితే సరిపోయేది. అక్షరం అక్షరం నేను రాసిందే, ఇన్నాళ్ళు చదువుతున్నట్టే చదివేయొచ్చు. కానీ చదివితే అది హీరోయిన్ మాట అవుతుంది, శనివారం ఛాయాదేవి గారు వచ్చి నాకన్నా బాగా చెబుతారు. కాగితం తిరగేసి పెట్టాను.

“మహేశ్,” అన్నాను.

బాగానే వినిపించింది. దోమలా లేదు.

“ఆఁ,” అన్నాడు.

తర్వాత ఏమనాలో ఇద్దరికీ రాసిపెట్టి లేదు. తెర మీద లోరింగ్ నడుస్తూనే ఉన్నాడు, చిన్నగా అయిపోతూ.

స్పీకర్ గరగరలాడింది. “అమ్మా, ఇది రికార్డయింది. ఉంచమంటారా, తీసేయమంటారా?”

“తీసేయండి,” అన్నాను. “అక్కడ దగ్గు చాలు.”

“లిప్ సంగతి లేదు కదా, మీ ఇష్టం,” అన్నారు సత్తిగారు. “నేను టీ తాగి వస్తాను. పావుగంట పడుతుంది. అరగంటైనా పట్టొచ్చు,” అని లేచి వెళ్ళిపోయారు.

సత్తిగారు తిరిగొచ్చాక మహేశ్ గారు దగ్గాడు. లోరింగ్ దగ్గు. చక్కగా, ముసలితనంతో, ఒకే టేక్. ఏడు సినిమాలు అయిపోయాయి.

ఆగస్టు 2, శనివారం

పంజాగుట్టలో ఇరానీ హోటల్. మహేశ్, నేను ఎదురెదురుగా కూర్చున్నాం. రెండు చాయ్‌లు నేనే చెప్పాను. హోటలతను ఒక్కసారికే విన్నాడు.

మహేశ్ చాయ్ కలుపుతూ కూర్చున్నాడు. అందులో చక్కెర ముందే కలిసి ఉంది. ఏమీ మాట్లాడడు. సికింద్రాబాద్ దాకా వినిపించే మనిషి.

“ఏమైనా చెప్పండి,” అన్నాను.

“కాయితం లేకుంటే నాకు రాదు మేడం,” అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. “జిందగీల ఎన్నడు సొంతంగ ఏం జెప్పలే. ఎవరో రాసిస్తరు, నేను చెప్త. గుర్రాల మాట ఒక్కటే నా సొంతం. దానికి సుత మూడు రోజులు ఆలోచన చేసిన.”

కాబట్టి నేనే మాట్లాడాను. మా ఇంట్లో వాళ్ళ గురించి, పెళ్ళంటే వాళ్ళు ముందు ఒప్పుకోరని, అయినా చెబుతానని. మహేశ్ వాళ్ళమ్మ ఏమంటుందో అడిగాను. భీమవరంలో మూడో రోజు ఎందుకు ఉండిపోయానో, అక్కడ ఎంత విసుగు పుట్టిందో చెప్పాను. చాయ్ చల్లారిపోయింది, ఇంకో రెండు చెప్పాను. ఇంతసేపు మాట్లాడితే గొంతు నొప్పి పుడుతుందని నాకు తెలియదు. జేబులోంచి మిరియాలు, పటికబెల్లం తీసి ఇచ్చాడు.

“ఇంకొకటి,” అన్నాను. “మేడం వద్దు.”

“మరేమనాలె?”

“పేరుంది.”

తల వంచుకుని, గొంతు సవరించుకుని, “రాగసుధ,” అన్నాడు. సగంలో గొంతు బొంగురుపోయింది. పక్క బల్ల వాళ్ళు తిరిగి చూశారు.

అంత బాగా రాలేదు. ఇంకోసారి అనమన్నాను.